కథకుని చిత్తుప్రతులు, కోనసీమ అటకలు

ఐర్లండు కథకుడు ఫ్రాంక్ ఓకానర్ (1903–1966) అచ్చయిన కథను సైతము తిరగవ్రాయు అలవాటు గలవాడు. ఆయన కాగితములు అమెరికాలోని ఫ్లారిడా విశ్వవిద్యాలయమున భద్రపరుపబడినవి. ఒక కథ ఏ దశలో ఏ వాక్యమును విడిచి ముందునకు సాగినదో చిత్తుప్రతులను ప్రక్కప్రక్కన నుంచి చూచుకొనవచ్చును. మన కథకుల విషయమున ఇట్టి అవకాశ మెంత?

గురజాడ అప్పారావుగారి యెడల మనము కొంత అదృష్టవంతులము. ఆయన దినచర్యలు, లేఖలు నిలిచినవి. అవసరాల సూర్యారావుగారు వానిని పరిష్కరించి ప్రకటించిరి. 'కన్యాశుల్కము' 1897, 1909 ముద్రణముల నడుమ గల అంతరము, బంగోరె 1969లో తొలికూర్పును వెలికి తెచ్చిన పిదపనే పలువురకు తెలియవచ్చినది. కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళమున స్థాపించిన కథానిలయము మరియొక మహోపకారము. అయితే అది ప్రధానముగా అచ్చయిన కథకు నిలయము. అచ్చునకు ముందటి కథ మాట వేరు.

గౌతమి కావలి యొడ్డున, ద్రాక్షారామ ప్రాంతమున దంగేరు గ్రామము కలదు. చింతా దీక్షితులుగారు (1891–1960) అచట జన్మించిరి. చలమునకు రమణ మహర్షిని పరిచయము చేసినవారు ఆయనయే. చలము ఆయనకు వ్రాసిన లేఖలు గ్రంథముగా వెలువడినవి. అందు మనకు వినవచ్చునది ఒక్క గొంతు మాత్రమే. దీక్షితులుగారి మాటను చలము ప్రత్యుత్తరమునుండి ఊహించుకొనవలసినదే. దీనినుండి పరిశోధకుడు గ్రహింపదగిన దొకటి కలదు. జాబు వ్రాసినవాని యింట మిగులదు, అందుకొన్నవాని యింట మిగులును. కావున కథకుని లేఖలను వెదకువాడు ఆయన వారసులకంటె ముందుగా మిత్రుల వాకిళ్ళు తట్టవలెను.

కోనసీమలో ఆ వాకిళ్ళు త్వరగా తట్టుట మంచిది. నీటి చెమ్మ, చెదలు, గోదావరి వరదలు అచట కాగితమునకు శత్రువులు. 1996 నవంబరు 6 రాత్రి తుపానునకు కొబ్బరిచెట్లే నిలువలేదు. అటకమీది పెట్టెల గతి చెప్పనేల?

రాజోలు వైపున ఒక మండువా లోగిలికి మేము పోయితిమి. ఆ యింటి పెద్దాయన యౌవనమున కథలు వ్రాసిరని విని పోతిమి. నాలుగు తరముల శిస్తు రశీదులు మడత నలుగక యున్నవి. కథల కాగితములు ఏమైన వని యడుగగా, "భోగిమంటలో వేసేశామండీ, చెదపట్టాయని" అనిరి. వారిని తప్పుపట్టలేము, రశీదు లేనిచో భూమి పోవును, చిత్తుప్రతి లేనిచో ఏమి పోవునో వారికి చెప్పిన వారెవరు? మేము మాత్రము ఎన్నడైన చెప్పితిమా?

లేవబోవుచుండగా రశీదుల కట్టనుండి ఒక కార్డు జారిపడినది. కథ ముగింపు మార్చవలసినదని ఒక మిత్రుడు పెద్దాయనకు వ్రాసిన జాబది. దాని యంచున ఎవరో కొబ్బరికాయల లెక్క వేసికొనిరి. ఆ లెక్క కొరకే దానిని దాచిరట.