రాస్-మాన్సన్ లేఖలు

రాస్-మాన్సన్ లేఖలు అనగా 1895 నుండి 1899 వరకు భారతదేశంలో పనిచేస్తున్న వైద్యాధికారి రోనాల్డ్ రాస్, లండన్‌లో నివసించిన వైద్యుడు పాట్రిక్ మాన్సన్ ఒకరికొకరు వ్రాసుకున్న ఉత్తరాలు. మలేరియా వ్యాధి దోమల ద్వారా వ్యాపిస్తుందని నిరూపించిన పరిశోధన ఏ విధంగా సాగిందో తెలుసుకొనడానికి ఇవి ముఖ్యమైన ఆధారాలు. ఈ పరిశోధనలో కీలకమైన ఘట్టం 1897 ఆగష్టు 20న సికింద్రాబాదు సమీపంలోని బేగంపేటలో జరిగింది. అందువలన ఈ లేఖలకు తెలుగు ప్రాంతపు చరిత్రలో కూడా స్థానం ఉన్నది. దోమకు, జ్వరానికి గల సంబంధాన్ని తెలిపే మరొక ప్రసిద్ధ లేఖల సంపుటి పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) పరిశోధనకు సంబంధించినది. అది అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఉన్నది.

నేపథ్యం

చలిజ్వరం, మన్యపు జ్వరం అని తెలుగువారు పిలిచే మలేరియాకు చెడుగాలి కారణమని పూర్వం నమ్మేవారు. మలేరియా అనే ఇటాలియన్ పదానికి అర్థం కూడా చెడుగాలి అనియే. 1880 నవంబరు 6న అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో మలేరియా పరాన్నజీవిని చూసాడు. అయితే ఆ జీవి ఒక మనిషి నుండి మరొక మనిషికి ఎలా చేరుతుందో తెలియలేదు.

పాట్రిక్ మాన్సన్ (1844 - 1922) చైనాలోని అమోయ్ రేవుపట్టణంలో పనిచేస్తూ, బోదకాలు వ్యాధిని కలిగించే ఫైలేరియా పురుగు దోమ శరీరంలో పెరుగుతుందని 1877లో గమనించాడు. మలేరియా జీవి కూడా దోమలోనే పెరుగుతుండవచ్చునని 1894లో ప్రతిపాదించాడు. కాని దానిని లండన్‌లో పరీక్షించడం సాధ్యం కాదు. రోనాల్డ్ రాస్ (1857 - 1932) అల్మోరాలో జన్మించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. 1894లో సెలవుపై ఇంగ్లండు వెళ్ళినప్పుడు మాన్సన్‌ను కలుసుకున్నాడు. రోగి రక్తంలోని పరాన్నజీవిని మాన్సన్ అతనికి సూక్ష్మదర్శినిలో చూపించాడు. 1895లో రాస్ భారతదేశానికి తిరిగివచ్చి సికింద్రాబాదులో 19వ మద్రాసు పదాతి దళానికి వైద్యాధికారిగా చేరాడు. లేఖల పరంపర అప్పటినుండి మొదలైనది.

లేఖలలోని విషయాలు

రాస్ తన లేఖలలో కోసి చూసిన దోమల వివరాలు, రోగుల రక్తపరీక్షలు, విఫలమైన ప్రయోగాలు, అధికారులపై ఫిర్యాదులు దాపరికం లేకుండా వ్రాసాడు. మాన్సన్ సలహాలు, హెచ్చరికలు, ప్రోత్సాహం పంపేవాడు. ఇటలీ, ఫ్రాన్సు శాస్త్రవేత్తలు ముందుగా కనుగొంటారేమోనని తొందరపెట్టేవాడు. రాస్‌ను పరిశోధనకు వినియోగించవలసిందిగా పై అధికారుల వద్ద మాట్లాడేవాడు కూడా. సముద్ర మార్గంలో ఉత్తరం చేరడానికి వారాలు పట్టేది. అందువలన ఒక ప్రశ్నకు సమాధానం వచ్చేలోపు రాస్ మరికొన్ని ప్రయోగాలు చేసి ఉండేవాడు, లేదా వేరొక ఊరికి బదిలీ అయి ఉండేవాడు.

తప్పు సిద్ధాంతం

ఈ లేఖలు తెలిపే ముఖ్యమైన సంగతి, పరిశోధన ఒక తప్పు ఊహతో మొదలైనది అనేది. దోమ గ్రుడ్లు పెట్టిన తరువాత నీటిలో పడి చనిపోతుందని, ఆ నీటిని త్రాగినవారికి మలేరియా వస్తుందని మాన్సన్ భావించాడు. దీనిని పరీక్షించడానికి రాస్ 1895లో కొందరికి, డబ్బు ఇచ్చి, దోమలు చనిపోయిన నీటిని త్రాగించాడు. వారిలో ఒకరికి స్వల్పంగా జ్వరం వచ్చినా, ఆ ప్రయోగాలు ఏమీ నిరూపించలేకపోయాయి. దోమకాటు ద్వారానే వ్యాధి సోకుతుందని రాస్ తరువాత క్రమంగా భావించసాగాడు. మాన్సన్ ఊహలో సగం (దోమలో పరాన్నజీవి పెరుగుతుందనేది) నిజమని, మిగిలిన సగం (నీటి ద్వారా సోకుతుందనేది) తప్పని చివరకు తేలింది.

దోమల జాతులు

రాస్‌కు కీటకశాస్త్రంలో శిక్షణ లేదు. దోమల జాతులను గుర్తించే పుస్తకాలు కూడా అతనికి అందుబాటులో లేవు. అందువలన వాటిని తనదైన పద్ధతిలో బూడిదరంగు దోమలు, చారల దోమలు, మచ్చల రెక్కల దోమలు అని విభజించాడు. నేటి పరిభాషలో ఇవి వరుసగా క్యూలెక్స్, ఏడిస్, అనాఫిలిస్ దోమలు. మనుషుల మలేరియాను మోసేది అనాఫిలిస్ మాత్రమే. మొదటి రెండు సంవత్సరాలలో రాస్ ఎక్కువగా పరీక్షించినవి మిగిలిన రెండు రకాలు. ఫలితం రాకపోవడానికి అదియే కారణం. అతనికి నిరాశ కలిగించిన చారల దోమ కొన్ని సంవత్సరాల తరువాత క్యూబాలో పచ్చజ్వరాన్ని మోసే దోమగా తేలడం విశేషం.

1897 ఆగష్టు 20

1895 సెప్టెంబరులో కలరా నివారణ పనిపై రాస్‌ను బెంగుళూరు పంపించారు. 1897లో నీలగిరుల ప్రాంతంలోని సిగూరు ఘాట్‌లో అతనికే మలేరియా సోకింది. ఆ ప్రాంతంలోనే మచ్చల రెక్కల దోమ అతని దృష్టికి వచ్చింది. జూన్‌లో తిరిగి సికింద్రాబాదు చేరుకున్నాడు.

ఆగష్టు 16న బేగంపేట ఆసుపత్రిలో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని, లార్వాల నుండి పెంచిన పది మచ్చల రెక్కల దోమలచేత కుట్టించారు. ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి చెల్లించారు. తరువాత ఒక్కొక్క దోమను కోసి పరిశీలిస్తూ వచ్చారు. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయి గనుక రాస్ గాలి లేకుండానే పనిచేసేవాడు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. ఆగష్టు 20న కోసిన దోమ (అతని లెక్కలో 38వది) జీర్ణకోశపు గోడపై నల్లని రేణువులు గల గుండ్రని కణాలు కనిపించాయి. ఆ రేణువులు మలేరియా పరాన్నజీవిలో ఉండే వర్ణక పదార్థమే. మరుసటి రోజు చివరి దోమలో అవే కణాలు ఇంకా పెద్దవిగా ఉన్నాయి. కణాలు పెరుగుతున్నాయి అంటే అవి దోమ శరీరంలో జీవిస్తున్న పరాన్నజీవులు అని అర్థం. పై వివరాలను, నమూనాలను రాస్ మాన్సన్‌కు పంపించాడు. ఈ పరిశోధన 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మాన్సన్ తదితరుల వ్యాఖ్యలతో ప్రచురించబడినది. ఆగష్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.

బదిలీలు, కలకత్తా ప్రయోగాలు

ఫలితం వచ్చిన నెల రోజులకే రాస్‌కు బదిలీ ఉత్తర్వు వచ్చింది. బొంబాయి మీదుగా రాజపుటానాలోని ఖేర్వారాకు వెళ్ళవలసి వచ్చింది. అక్కడ మలేరియా రోగులు అంతగా లేరు. మాన్సన్ ప్రయత్నాల వలన 1898 ఫిబ్రవరిలో ప్రత్యేక విధులపై కలకత్తా చేరుకున్నాడు. అప్పుడు ప్లేగు భయం వలన ప్రజలు వేలిపై సూది గుచ్చనిచ్చేవారు కారు. అందువలన రాస్ పక్షుల మలేరియాను ఎంచుకున్నాడు. 1898 జూలైలో పరాన్నజీవులు దోమ లాలాజల గ్రంథులకు చేరుతాయని, అక్కడి నుండి కాటు ద్వారా పక్షికి సోకుతాయని నిరూపించాడు. మాన్సన్ ఈ సంగతిని అదే నెలలో ఎడింబరోలో జరిగిన బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ సమావేశంలో ప్రకటించాడు.

వివాదాలలో లేఖల పాత్ర

1898 చివరలో ఇటలీ శాస్త్రవేత్తలు గ్రాసి, బిగ్నామి, బాస్టియానెల్లి మనుషుల మలేరియా అనాఫిలిస్ దోమలో పూర్తిగా పెరిగే విధానాన్ని చూపించారు. దీనితో ఎవరు ముందు కనుగొన్నారన్న వివాదం మొదలై ఎన్నో సంవత్సరాలు సాగింది. రాస్ తన దోమ జాతిని సరిగా వర్ణించలేదని గ్రాసి వాదించాడు. తన పనిని చూసిన తరువాతే ఇటలీ వారు ముందుకు సాగారని రాస్ వాదించాడు. 1902లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి రాస్‌కు ఒక్కనికే లభించింది.

తేదీలు వేసిన లేఖలు ఇటువంటి వివాదంలో సాక్ష్యాలవుతాయి. రాస్ 1923లో ప్రచురించిన స్వీయచరిత్రలో వాటిని విరివిగా వాడుకున్నాడు. అయితే ఇరవై ఐదు సంవత్సరాల తరువాత వ్రాసిన పుస్తకం, ఆనాడు వ్రాసిన ఉత్తరం ఒకటి కావు. పుస్తకంలో రాస్ ఒంటరిగా పోరాడిన వీరునిగా కనిపిస్తాడు. లేఖలలో సందేహాలు, పొరపాట్లు, మాన్సన్ సహాయం కూడా కనిపిస్తాయి. తరువాతి కాలంలో వీరిద్దరి స్నేహం చెడిపోయింది. కావున పాత లేఖలను చదవడం మరింత అవసరమైనది. 1998లో బైనమ్, ఓవరీ అనే చరిత్రకారులు ఈ లేఖలను సంకలనం చేసి పుస్తకంగా ప్రచురించారు.

పత్రాల అమ్మకం, భద్రత

రాస్ తన జీవితంలో ప్రతి కాగితాన్ని దాచుకున్నాడు. వృద్ధాప్యంలో ఆర్థిక ఇబ్బందులు కలిగి, 1928లో కుటుంబ పోషణ కొరకు తన పత్రాలను అమ్ముతానని ప్రకటన ఇచ్చాడు. లేడీ హూస్టన్ అనే ధనిక మహిళ 2,000 పౌండ్లకు వాటిని కొని బ్రిటిష్ మ్యూజియంకు ఇవ్వజూపినది. మ్యూజియం వారు తీసుకొనలేదు. ప్రస్తుతం ఆ పత్రాలు లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ నందు, గ్లాస్గోలోని రాయల్ కాలేజీ ఆఫ్ ఫిజీషియన్స్ అండ్ సర్జన్స్ నందు భద్రపరచబడి ఉన్నాయి. లండన్‌లోని సంస్థ 1899లో మాన్సన్ స్థాపించిన వైద్య విద్యాలయం నుండి ఏర్పడినదే.

పచ్చజ్వరం లేఖలు

పచ్చజ్వరం ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండాలలో కనిపించే వైరస్ వ్యాధి. ఇది దోమ ద్వారా వ్యాపిస్తుందని క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే చెప్పాడు. కాని దాదాపు ఇరవై సంవత్సరాలు ఎవరూ అంగీకరించలేదు. రాస్ ఫలితాల తరువాత ఆ ఊహకు బలం చేకూరింది. 1900లో అమెరికా సైన్యం వాల్టర్ రీడ్ అధ్యక్షతన జేమ్స్ కారల్, జెస్సీ లజియర్, అరిస్టిడిస్ అగ్రమోంటీ సభ్యులుగా ఒక సంఘాన్ని హవానాకు పంపింది. ఫిన్లే తన వద్దనున్న దోమ గ్రుడ్లను వీరికి ఇచ్చాడు. కారల్ దోమచేత కుట్టించుకుని జబ్బుపడి కోలుకున్నాడు. లజియర్ 1900 సెప్టెంబరు 25న పచ్చజ్వరంతో మరణించాడు. అంతకు కొద్ది రోజుల ముందు, సెప్టెంబరు 8న, అసలు కారణాన్ని పట్టుకోబోతున్నామన్న ఆశను అతను ఇంటికి వ్రాసిన ఉత్తరంలో తెలిపాడు. లివర్‌పూల్ నుండి వెళ్ళిన వాల్టర్ మయర్స్ 1901 జనవరిలో బ్రెజిల్‌లో అదే వ్యాధితో మరణించాడు.

తరువాత రీడ్ జరిపిన ప్రయోగాలలో పాల్గొన్నవారితో వ్రాతపూర్వకంగా అంగీకార పత్రాలు తీసుకున్నారు. వారికి 100 డాలర్ల బంగారు నాణేలు, జబ్బు పడితే మరొక 100 డాలర్లు ఇస్తామని అందులో ఉన్నది. ఈ పత్రాలను, లజియర్, రీడ్ తదితరుల ఉత్తరాలను కార్టిజోన్ పరిశోధనకు 1950లో నోబెల్ బహుమతి పొందిన ఫిలిప్ హెంచ్ ఎన్నో ఏళ్ళు శ్రమించి సేకరించాడు. అతని మరణానంతరం అవి వర్జీనియా విశ్వవిద్యాలయానికి చేరాయి. తరువాత డిజిటల్ రూపంలోకి మార్చబడినవి.

ఈ రెండు సంపుటాలను పోల్చి చూసినప్పుడు ఒక తేడా కనిపిస్తుంది. క్యూబాలో పాల్గొన్నవారి సంతకాలు గల కాగితాలు మిగిలి ఉన్నాయి. హుసేన్ ఖాన్, దోమ నీరు త్రాగినవారు, దోమలను పట్టి తెచ్చిన సహాయకులు మాత్రం రాస్ వ్రాతలలో పేరుగా, లేదా లెక్కగా మాత్రమే కనిపిస్తారు. వారు తమ మాటలలో వ్రాసినవి ఈ సంపుటంలో లేవు.

తెలుగు ప్రాంతంలో జ్ఞాపకాలు

రాస్ పనిచేసిన భవనం బేగంపేట పాత విమానాశ్రయం సమీపంలో ఉన్నది. ఇది సర్ రోనాల్డ్ రాస్ పరాన్నజీవశాస్త్ర సంస్థ పేరుతో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందినది. హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రికి కూడా రాస్ పేరు పెట్టబడినది.

భారతదేశంలో పచ్చజ్వరం లేదు. కాని దానిని మోయగల ఏడిస్ దోమ విస్తారంగా ఉన్నది. డెంగ్యూ, చికున్‌గున్యా వ్యాధులను వ్యాపింపజేసేది కూడా ఇదియే. 2005 - 2006లో చికున్‌గున్యా ఆంధ్రప్రదేశ్‌లో విస్తృతంగా వ్యాపించినది. పచ్చజ్వరం ఉన్న దేశాలకు ప్రయాణించేవారు టీకా వేయించుకుని ధ్రువపత్రం పొందవలెను. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఈ టీకా ఇచ్చే కేంద్రాలలో ఒకటి. 2016 జూలై నుండి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఈ ధ్రువపత్రం జీవితాంతం చెల్లుబాటవుతుంది.