కిటికీకి ఏ తెర కడదాం?



ఎండలు ముదురుతున్నాయంటే మన సిద్దిపేటలో ఇల్లాలికి మొట్టమొదట గుర్తొచ్చేవి రెండు. ఒకటి తాగేనీళ్ళ కుండ, రెండోది పడమటి కిటికీ. మధ్యాహ్నం రెండు దాటిందంటే చాలు, ఎండ పిలవని చుట్టంలా వచ్చి మంచం మీదే కూర్చుంటుంది. దానికి ఏదో ఒకటి అడ్డం కట్టక తప్పదు. గుడ్డ పరదా కుట్టిద్దామా, వెదురు చిక్ వేలాడదీద్దామా, ఆఫీసుల్లో కనిపించే పలకల తెర పెట్టిద్దామా? దుకాణానికి వెళ్తే అన్నీ మంచివే అంటారు. డబ్బు మనది, ఉక్కపోతా మనదే! అందుకని కొనేముందు ఈ తెరల పుట్టుపూర్వోత్తరాలు కాస్త తెలుసుకుందాం.

కిటికీకి మన పెద్దలు పెట్టిన పేర్లు చూడండి. వాతాయనం అన్నారు, అంటే గాలి వచ్చే దారి. గవాక్షం అన్నారు, అంటే ఆవు కన్ను. జాలకం అన్నారు, అంటే వల. గాలి రావాలి, మన కంటికి బయట కనిపించాలి, ఎండ మాత్రం వల్లో పడ్డట్టు ఆగిపోవాలి. మనం ఈనాటికీ కోరుకునేది ఈ మూడే కదండీ! పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడికి వెళ్ళినవాళ్ళు, లోపలి ద్వారానికి అటూ ఇటూ రాతిని వలలా తొలిచిన పలకల్ని చూసే ఉంటారు. వెలుతురును వడగట్టే పని రాతితోనే చేయించారు కాకతీయులు.

రాతి జాలకం గుళ్ళకు చెల్లుతుంది. మామూలు ఇళ్ళకు ఆ పని చేసిపెట్టింది మేదరి చేతి తడక. వెదురును నిలువునా చీల్చి, బద్దలు తీసి అల్లితే తడక అవుతుంది. ఇంకా సన్నటి పుల్లలు తీసి, వరసగా పేర్చి దారంతో కడితే చిక్ అవుతుంది. తడక కదలదు, చిక్‌ను చాపలా పైకి చుట్టుకోవచ్చు. ఈ చిక్, నీళ్ళు చల్లే తట్టీ రెండూ ఇంగ్లీషువాళ్ళకు ఎంత అలవాటయ్యాయంటే, 1886లో అచ్చయిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులో ఆ మాటలకు చోటు దొరికింది.

చిక్‌లో ఒక చమత్కారం ఉంది. పగటిపూట బయట వెలుగెక్కువ, లోపల తక్కువ. కాబట్టి లోపల కూర్చున్నవారికి వీధంతా కనిపిస్తుంది, వీధిలో పోయేవారికి లోపలిది కనిపించదు. దీపం పెట్టగానే ఈ లెక్క తారుమారవుతుంది. రాత్రిపూట మన ఇల్లు వీధికి బొమ్మలాటైపోతుంది! అందుకే వీధివైపు గదికి చిక్ ఒక్కటీ చాలదు, లోపల గుడ్డ తెర కూడా ఉండాలి.

ఇక వట్టివేళ్ళ తడికెలు. అక్బరు కాలం సంగతులు రాసిన ఐనీ అక్బరీలోనే వీటి ప్రస్తావన ఉంది. వేళ్ళతో కట్టిన గదుల మీద నీళ్ళు చల్లితే నడివేసవిలో చలికాలం వచ్చినట్టుండేదట. ఇందులో మంత్రమేమీ లేదు. తడి ఆరుతూ గాలిలోని వేడిని లాక్కుంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లదనం. కాబట్టి మన తెలంగాణ వడగాలికి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అదే మచిలీపట్నంలో, సముద్రపు తేమ గాలికి, ఇంట్లో ఉక్క పెరగడం తప్ప లాభం తక్కువ.

అయితే ఒక్క మాట. ఆ నీళ్ళు చల్లిందెవరు? దొరల ఇళ్ళలో అయితే నౌకర్లు. మామూలు ఇళ్ళలో చేదబావి నుంచి, బోరింగు నుంచి బిందెలు మోసింది ఆడవాళ్ళే. తాగడానికే నీళ్ళు కరువైన చోట తడికెలకు ఎక్కడ పోస్తారు? 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమయ్యాక నల్లా నీళ్ళ మాట విన్నాం. అయినా గంటగంటకూ తడిపే తీరిక ఉందా లేదా అన్నది తట్టీ కొనేముందే ఆలోచించుకోవాలి.

తెర అనగానే మన ఆడవాళ్ళకు ఇంకో సంగతి కూడా గుర్తుకు రావాలి. ఎండకు కట్టిన పరదా వేరు, మనిషికి కట్టిన పరదా వేరు. నిజాము రాజ్యంలో పెద్దింటి స్త్రీలు బండెక్కినా బండికి పరదా, సభకు వెళ్ళినా ముందర చిక్. 1930లో మన పాత మెదక్ జిల్లాలోని జోగిపేటలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, దానితోపాటే మహిళా సభ కూడా జరిగింది. నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షత వహించారు. స్త్రీ విద్య, బాల్యవివాహాలు, ఘోషా ఆనాటి స్త్రీలు నోరు విప్పి మాట్లాడుకున్న విషయాలు. తెర ఒకటే, గుడ్డ ఒకటే. దాన్ని ఎప్పుడు దించాలో, ఎప్పుడు ఎత్తాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే తేడా. మన కూచిపూడి భామాకలాపంలో సత్యభామను చూడండి. తెర వెనక నిలబడే, జడను తెర మీదుగా ముందుకు వేసి సవాలు చేస్తుంది!

గుడ్డ తెర చరిత్ర ఇంకా చిత్రమైనది. మచిలీపట్నం అద్దకాల వంటి మన రంగుల నూలుబట్టలు ఓడలెక్కి వెళ్ళి ఇంగ్లండు ఇళ్ళలో గోడలకూ మంచాలకూ వేలాడాయి. అక్కడి నేతగాళ్ళ పొట్టమీద దెబ్బ పడింది. 1719లో లండను వీధుల్లో అద్దకపు బట్ట కట్టిన ఆడవాళ్ళ మీద పడి గౌన్లు చించారు. 1721లో ఏకంగా చట్టమే వచ్చింది. ఒంటిమీద కట్టడమే కాదు, పక్కలకూ కుర్చీలకూ కిటికీ తెరలకూ కూడా అద్దకపు నూలుబట్ట వాడరాదన్నారు. 1774 దాకా ఆ కట్టుబాటు సాగింది. కిటికీకి కట్టే గుడ్డలో కూడా ఎవరిదో ఒకరి అన్నం ఉంటుందన్నమాట.

పలకల తెరకు వెనిస్ నగరం పేరు పెట్టారు. 1769లో లండనులో దీనికొక పేటెంటు ఇచ్చారు. ఫ్రెంచివాళ్ళు దీన్ని జలూసీ అంటారు. ఆ మాటకు అసూయ అని అర్థం. లోపలి వాళ్ళను పరాయి కళ్ళు చూడకూడదన్న మగవాడి అసూయ! మొదట్లో అవి చెక్క పలకలు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక తేలికపాటి అల్యూమినియం పలకలు వచ్చాయి. చూడ్డానికి నాజూగ్గా ఉంటుంది, వెలుతురు ఎంత కావాలంటే అంత తిప్పుకోవచ్చు, కాదనను. కానీ మన ఊరి దుమ్ముకు ఒక్కొక్క పలకా తుడుచుకోవాలి. అంతకంటే ముఖ్యం దాని తాడు. పాకే పిల్లలు, నడక నేర్చే పిల్లలు ఆ తాడు ఉచ్చులో మెడ పెట్టి ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు ఎన్నో దేశాల్లో జరిగాయి. అమెరికాలో 2018 డిసెంబరు నుంచి, దుకాణంలో సిద్ధంగా అమ్మే తెరలకు పిల్లలకు అందే పొడుగు తాళ్ళు ఉండకూడదనే ప్రమాణం అమలులోకి వచ్చింది. మన ఇంట్లో ఏ తెర పెట్టినా తాడును పైన కొక్కేనికి చుట్టాలి. ఉయ్యాలను, మంచాన్ని కిటికీకి దూరంగా జరపాలి.

మరి చివరికి ఏది కొనాలి? నా సలహా ఇది. ఎండను అద్దం దాటనివ్వకముందే ఆపాలి. లోపల కట్టిన తెర తాను వేడెక్కి ఆ వేడిని గదిలోకే వదులుతుంది. కాబట్టి పడమటి కిటికీకి బయటివైపు వెదురు చిక్ కట్టించండి. వానాకాలం ముందు విప్పి ఆరబెట్టి దాచుకుంటే ఎక్కువకాలం మన్నుతుంది. లోపల రాత్రిపూటకు నూలు తెర చాలు. ఉతుక్కోవచ్చు, దుమ్ము పట్టదన్న భ్రమా ఉండదు. వంటింటికి మాత్రం పొయ్యి దగ్గర వేలాడే తెర వద్దేవద్దు, నిప్పంటుకుంటుంది.

ఆ నూలు గుడ్డ ఎక్కడిదంటారా? దుబ్బాకలో మగ్గాలున్నాయి. తలమీద కుండ పెట్టుకున్న గొల్లభామను నేతలోనే నిలబెట్టిన చేనేత మన సిద్దిపేటది, దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాతబడిన గొల్లభామ నూలు చీర పెట్టెలో ఉంటే, అంచు పైకి కనబడేలా మడిచి కుట్టి చూడండి. కిటికీ కొలత తీసుకునేటప్పుడు వెడల్పుకు రెండింతల గుడ్డ లెక్క వేసుకోండి, కుచ్చిళ్ళు నిండుగా వస్తాయి. మధ్యాహ్నం దించండి, సాయంత్రం గాలి తిరగ్గానే ఎత్తెయ్యండి.