కాల్చుట వేరు, మగ్గించుట వేరు

చాలాకాలంగా నన్నొక మాట వేధిస్తోంది. ‘బార్బెక్యూ’ని తెలుగులో ఏమనాలి? కనబడిన ప్రతి మాటకూ తెలుగు కట్టాలని చూసే దురలవాటు నాకున్న సంగతి ఇక్కడికి వచ్చిపోయే మిత్రులకు తెలిసిందే. ఈ మాట దగ్గర మాత్రం నా బండి దిగబడింది. ‘నిప్పులమీద కాల్చుట’ అని రాసుకొని తృప్తిపడిన రోజులూ ఉన్నాయి. అది తప్పని నాకు చెప్పినవాడు పండితుడేమీ కాడు, మా పక్కింటి పెద్దాయన.

నేను ఉత్తర కరొలీనాకు వచ్చి అప్పటికి రెండేళ్ళు. 2006 జులై 4న పెరట్లో కొత్త గ్రిల్ నిలబెట్టి, నాలుగు తెలుగు కుటుంబాలనూ, పక్కింటి దంపతులనూ బార్బెక్యూకి రమ్మని పిలిచాను. కోడి ముక్కలు, మొక్కజొన్న పొత్తులు, శాకాహారులకు వంకాయలూ ఉల్లిపాయలూ. వాళ్ళ కోసం ఊచలలో సగభాగం విడిగా కేటాయించి, వేరే పట్టకారు కూడా పెట్టాను. నా మర్యాదకు నేనే మురిసిపోయాను. పెద్దాయన వచ్చాడు, రెండు పొత్తులు తిన్నాడు, బాగున్నాయన్నాడు. కాసేపటికి ఎంతో సౌమ్యంగా, “ఇంతకీ బార్బెక్యూ ఎక్కడ?” అని అడిగాడు. నేను గ్రిల్ వైపు చూపించాను. ఆయన నవ్వి, దీన్ని తమ వైపు కుకౌట్ అంటారనీ, బార్బెక్యూ అనరనీ చెప్పాడు.

ఆ రాష్ట్రంలో బార్బెక్యూ అన్నది విందు పేరు కాదు, వంట పద్ధతి పేరు కూడా కాదు. అదొక పదార్థం. రాత్రంతా కట్టెల నిప్పుమీద మగ్గిన పంది మాంసం. తూర్పు భాగంలో పందిని మొత్తంగా వండి, వెనిగర్, మిరపపొడి కలిపిన పులుసు పోస్తారు. పడమట లెక్సింగ్టన్ వైపు జబ్బ మాత్రమే వండి, ఆ పులుసులో కాస్త టొమాటో కెచప్ చేరుస్తారు. ఆవకాయలో వెల్లుల్లి ఉండాలా వద్దా అని మన ఇళ్ళలో సాగే తగవు విన్నవారికి ఈ రెండు పక్షాల వైరం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

గ్రిల్ మీద పని నిమిషాలది. ముక్క పలుచన, నిప్పు దగ్గర, వేడి 200 డిగ్రీల సెల్సియస్ పైమాట. బార్బెక్యూలో నిప్పును దూరంగా ఉంచి, వేడిని 110, 120 డిగ్రీల దగ్గర నిలిపి, మూతవేసి, పన్నెండు గంటలో అంతకు మించో కాచుకొని కూర్చోవాలి. పంది జబ్బలో కండను పట్టి ఉంచే కొలాజెన్ అనే పదార్థం ఉంటుంది. తొందరపడి కాలిస్తే అది తోలులా సాగుతుంది. గంటల తరబడి సన్నని వేడి తగిలితే కరిగి జిగురవుతుంది. లోపలి వేడి 90 డిగ్రీలు దాటేసరికి ఎముకను వేళ్ళతో లాగితే ఊడి వస్తుంది. మధ్యలో ఒక చిత్రం జరుగుతుంది. 70 డిగ్రీల దగ్గర ఆ వేడి కదలకుండా కొన్ని గంటలు నిలిచిపోతుంది. కొత్తవాడు కంగారుపడి నిప్పు ఎగదోస్తాడు. కారణం మన మట్టికుండకు తెలిసినదే. పైకి ఊరిన చెమ్మ ఆవిరవుతూ వేడిని వెంట తీసుకుపోతుంది. కుండలో నీళ్ళు చల్లబడేది దానివల్లనే, పంది జబ్బ వేడెక్కనిదీ దానివల్లనే.

ఇదంతా ఫోనులో మా అమ్మకు చెబితే, “దానికింత కథ ఎందుకురా, అది దాలి కదూ!” అంది. నిజమే. మా అమ్మమ్మగారింట్లో వంటిల్లు దాటగానే దాలిగుంట ఉండేది. పిడకల నిప్పు రాజేసి, పాలకుండ పెట్టి, మూతవేస్తే సాయంత్రానికి పాలు ఎర్రబడి, అరచేతి మందాన మీగడ కట్టేవి. అప్పడం కాల్చడానికి దాలి దగ్గరకు ఎవరూ వెళ్ళరు, పాలు కాచడానికి మంటపొయ్యి దగ్గరకు రారు. తేడా మన వంటిళ్ళకు ఎప్పుడో తెలుసు. నా నిఘంటువుకే తెలియలేదు.

మాట పుట్టుక ఇంకా విచిత్రం. కరీబియన్ దీవులలోని తైనో ప్రజలు కర్రలతో కట్టుకున్న మంచెను ‘బార్బకోవా’ అనేవారు. స్పానిష్ చరిత్రకారుడు ఒవియేదో 1526లో ఆ మాటను అచ్చులోకి ఎక్కించాడు. దానిమీద పడుకునేవారు, ధాన్యం దాచేవారు, కింద పొగబెట్టి చేపలూ మాంసమూ ఎండబెట్టేవారు. ఇంగ్లీషు నావికుడు డాంపియర్ 1697లో ప్రచురించిన తన యాత్రా గ్రంథంలో ఈ మాటను వాడింది తిండికి కాదు, నేలకు మూడడుగుల ఎత్తున కట్టిన పడకకు! అంటే మన పొలాల్లో పిట్టలు తోలే మంచెకూ దీనికీ పెద్ద తేడా లేదు. 1755 నాటికి శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో అది వెస్టిండీస్‌లో పందిని మొత్తంగా వండే పద్ధతిగా స్థిరపడిపోయింది. మంచె పోయి మాంసం మిగిలింది.

ఆ పద్ధతి వర్జీనియా, కరొలీనా తోటల్లోకి వచ్చేసరికి కథ రంగు మారింది. జార్జి వాషింగ్టన్ 1769 మే 27 నాటి దినచర్యలో అలెగ్జాండ్రియాలో బార్బెక్యూకి వెళ్ళి రాత్రి అక్కడే ఉండిపోయినట్లు రాసుకున్నాడు. 1793 సెప్టెంబరు 18న కాపిటల్ భవనానికి ఆయన శంకుస్థాపన చేసినప్పుడు 500 పౌనుల ఎద్దును బార్బెక్యూ చేశారు. తిన్నవారి సంగతులు ఇలా భద్రంగా ఉన్నాయి. దక్షిణాదిలో ఇటువంటి విందులకు గుంత తవ్వి, హికరీ, ఓక్ కట్టెలు కాల్చి, నిప్పులు పారతో చల్లుతూ రాత్రంతా మేలుకున్నది సాధారణంగా ఆఫ్రికన్ బానిసలు. వారి పేర్లు రాసినవారు అరుదు.

అరుదైన పేరొకటి దొరికింది. 1937లో, బానిసత్వాన్ని అనుభవించి ఇంకా బతికి ఉన్న వృద్ధుల జ్ఞాపకాలను ప్రభుత్వం సేకరిస్తున్నప్పుడు, దక్షిణ కరొలీనాకు చెందిన వెస్లీ జోన్స్ అనే తొంభై యేడేళ్ళ మనిషి తన వంట చెప్పాడు. విందుకు ముందురాత్రి ఆయన నిద్రపోయేవాడు కాడట. వెనిగర్, మిరియాలు, మిరపకాయ, ఉప్పు, వెన్న, సేజ్ ఆకు, ధనియాలు, తులసి జాతి ఆకు, ఉల్లి, వెల్లుల్లి కలిపి పులుసు చేసేవాడు. పొడుగు కర్రకు మెత్తని గుడ్డ చుట్టి, దానితో మాంసానికి తెల్లవార్లూ ఆ పులుసు పూసేవాడు. అది నిప్పులమీద బొట్లు బొట్లుగా పడి, పొగే మసాలా అయి, తిరిగి మాంసానికి పట్టేదట. ధనియాలూ ఉల్లీ వెల్లుల్లీ వరుసగా కనబడగానే నాకు చదవడం సాగలేదు, పొయ్యి ముందు కూర్చున్నట్లే అనిపించింది. ఎవరి విందుకోసం అన్నది తరువాత గుర్తుకొచ్చింది.

రాత్రి మేలుకునేవాడికి మాట్లాడుకునే తీరిక ఉంటుంది. 1800లో రిచ్‌మండ్ దగ్గర గేబ్రియల్ అనే కమ్మరి బానిస తిరుగుబాటుకు మనుషులను కూడగట్టినచోట్లలో ఇటువంటి విందులూ ఉన్నాయి. కుట్ర బయటపడి ఆయన ఉరికొయ్య ఎక్కాడు. 1831 ఆగస్టు 21 ఆదివారం నాడు నాట్ టర్నర్ అనుచరులు వర్జీనియా అడవిలో కలుసుకున్నప్పుడు ఒకడు పందిని తెచ్చాడు, ఒకడు బ్రాందీ తెచ్చాడు. ఆ రాత్రే తిరుగుబాటు మొదలైంది. అది అణగిన తరువాత బానిసలు నలుగురు కూడడంపై చట్టాలు మరింత బిగిశాయి. విముక్తి వార్త 1865 జూన్ 19న టెక్సస్‌లోని గాల్వెస్టన్‌కు చేరింది. ఆ రోజు జరిపే పండుగలో బార్బెక్యూ తప్పనిసరి అయింది. అది దేశమంతటికీ సెలవుదినం కావడానికి మాత్రం 2021 దాకా పట్టింది.

ఇక పెరటి గ్రిల్ చరిత్ర చిన్నది. కార్ల తయారీలో మిగిలిన చెక్కముక్కలను హెన్రీ ఫోర్డ్ 1920లలో బొగ్గుబిళ్ళలుగా మార్పించి అమ్మాడు. యుద్ధం ముగిశాక లెవిట్‌టౌన్ వంటి కొత్త కాలనీలు వెలిశాయి, ప్రతి ఇంటికీ పెరడు వచ్చింది. 1952లో షికాగో దగ్గర జార్జి స్టీఫెన్ అనే ఆయన సముద్రపు తేలుడు గుండును అడ్డంగా కోసి, కాళ్ళు తగిలించి, మూత పెట్టాడు. అదే నేటి వెబర్ కెటిల్. ఆదివారం మధ్యాహ్నం ఇంటి యజమాని ఏప్రన్ కట్టుకొని గంటలో వంట ముగించే సౌకర్యం వచ్చింది. పేరు మాత్రం పాతదే ఉండిపోయింది. తెల్లవారు కానివారికి ఇల్లు ఇవ్వరాదని లెవిట్ ఒప్పంద పత్రాల్లో షరతు ఉండేది కనుక, ఆ రాత్రుల వారసులకు ఆ పెరళ్ళలో చోటు లేదు.

మర్యాదలంటే మనకు గుర్తుకొచ్చేవి వేరు. పిలిచినవాడి పట్టకారు ముట్టకూడదు. మూత ఎత్తి చూడకూడదు, చూసిన ప్రతిసారీ వేడి పోయి వంట వెనకబడుతుంది. ఎప్పుడవుతుందని అడగకూడదు. రుచి చూడకుండా సాస్ పోసుకోకూడదు. ఇవన్నీ నాకు పెద్దాయన నేర్పినవే. కాని బార్బెక్యూ మర్యాదల్లో అసలు ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఓలీస్ బార్బెక్యూ అనే భోజనశాలలో 36 మంది పనివాళ్ళు, వారిలో మూడింట రెండు వంతులు నల్లవారు. నల్లజాతి గిరాకీలు మాత్రం పొట్లం కట్టించుకొని పోవాలి, లోపల కూర్చోరాదు. 1964 పౌరహక్కుల చట్టం తమకు వర్తించదని యజమానులు వాదించారు. ఆ శాల ఏడాదిలో కొన్న సరుకులో 46 శాతం బయటి రాష్ట్రాల నుండి వచ్చిన మాంసమేననీ, కాబట్టి అంతర్రాష్ట్ర వాణిజ్యంపై కాంగ్రెసుకున్న అధికారం అక్కడికీ వస్తుందనీ న్యాయమూర్తులు అదే ఏడాది డిసెంబరు 14న ఏకగ్రీవంగా తేల్చారు. మనిషి పక్కన మనిషి కూర్చోవడానికి మాంసం లెక్క సాక్ష్యం చెప్పవలసివచ్చింది.

మరుసటి ఏడు పెద్దాయన తన కుటుంబ సమావేశానికి పంది వండుతూ, రాత్రి తోడు కూర్చోమని నన్ను పిలిచాడు. ఉక్కు పీపాను నిలువునా చీల్చి చేసిన పొయ్యి. పక్కన హికరీ దుంగలు మండుతుంటే, అరగంటకోసారి నిప్పులు పారతో తీసి పందికింద చల్లుతున్నాడు. వాళ్ళది పొగాకు కుటుంబమట. చిన్నతనంలో తండ్రితో కలిసి బార్న్ దగ్గర రాత్రులు మేలుకొని మంట చూసేవాడట. నాకు ప్రాణం లేచొచ్చింది. మాది ఒంగోలు ప్రాంతం, మా ఊళ్ళోనూ పండేది వర్జీనియా పొగాకే, మా చేలో కూడా బ్యారన్ ఉండేదని చెప్పాను. అయిదారు రోజులు రాత్రింబగళ్ళు వేడి తగ్గకుండా, పెరగకుండా చూసుకోవలసిన పని. ఆయనకు ఒక్కొక్క మెట్టూ తెలుసు. ఆకు పసుపెక్కడం, ఈనె ఎండడం, అన్నీ.

“మీ బార్న్ దగ్గర మేలుకున్నది ఎవరు?” అని అడిగాడు.

మా నాన్నగారు కాదు. నేనూ కాదు. ఊరి చివరి పల్లె నుంచి వచ్చే మనిషి. ఆయన పేరు నాకు గుర్తుంది. ఆయన మా ఇంట్లో తినేదెక్కడ అన్నది పెద్దాయన తరువాతి ప్రశ్న. వాకిట్లో, విస్తట్లో అని చెప్పాను. గ్లాసు చూరులో విడిగా దోపి ఉండేదని కూడా చెప్పాను. ఆ మాట ఇంగ్లీషులో చెప్పడం నాకు అదే మొదటిసారి. పెద్దాయన ఏమీ అనలేదు. గుడ్డచుట్టిన కర్రను వెనిగర్‌లో ముంచి, పంది వీపంతా ఒకసారి పూసి వచ్చి కూర్చున్నాడు.

తెల్లవారుజామున మూత ఎత్తి, పట్టకారు నా చేతికిచ్చాడు. రాత్రి మేలుకున్నవాళ్ళే ముందు తినాలట, వాళ్ళింటి పద్ధతి. ఆ పద్ధతి పెట్టింది తానేననీ, తన తండ్రి ఇతరుల విందులకు వండిన పందుల్లో మొదటి ముక్క ఏనాడూ ఆయనకు అందలేదనీ చెప్పి, చేతికి గ్లవుజులు తొడుక్కొని ఎముకలు ఊడదీసే పనిలో పడ్డాడు.