సంచిలో రెండు గోలీలు

ఫైలేరియా సర్వేకు పగటిపూట పోతే లాభం లేదు. ఆ జబ్బు తెచ్చే క్రిమి పిల్లలు పొద్దంతా ఊపిరితిత్తుల నాళాల్లో దాక్కొని, రాత్రి బాగా పొద్దుపోయాక గానీ పైరక్తంలోకి రావు. అందుకే పెద్దపల్లి వైపు ఊళ్లలో నేను హెల్త్ అసిస్టెంట్‌గా తిరిగిన రోజుల్లో, అందరూ పడుకునే వేళకు మా పని మొదలయ్యేది. నిద్రపోయేవాళ్లను లేపి, బ్యాటరీ లైటు వెలుతురులో వేలికి సూది గుచ్చి, నాలుగు చుక్కల నెత్తురు గాజు స్లైడు మీద మందంగా పరిచేవాళ్లం. అది ఆరినాక నీళ్లలో పెట్టి ఎరుపు పోగొట్టి, రంగు పట్టించి మైక్రోస్కోపు కింద చూస్తే, మెలి తిరిగిన సన్నని దారపు ముక్కలాంటిది కనిపించేది. అది కనిపించిన మనిషికి డీఈసీ గోలీలు.

ఒక ఊళ్లో ఒక అవ్వ, రెండు కాళ్లూ బోదకాళ్లే, గోలీని అరచేతిలో పెట్టుకొని అడిగింది: "ఇది మింగితే నా కాలు తగ్గుతదా బిడ్డా?" తగ్గదని చెప్పాను. వాచి గట్టిపడ్డ కాలును ఈ మందు వెనక్కి తేలేదు. నెత్తుట్ల ఉన్న పురుగు పిల్లలను చంపుతది, దోమ వాటిని ఇంకొకరికి మోయకుండ చేస్తది, అంతే అన్నాను. "నాకు తగ్గకుంటె మాయె, నా మనుమనికి రాకుంటె సాలు" అని మింగింది.

ఇన్ని వేల గోలీలు పంచినవాణ్ని, వాటిని చేసిందెవరో ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నాకు తెలియదు. రిటైరైనాక ఆ మందు వెనకున్న శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఒక బాధ పట్టుకుంది. మనవాళ్లు ఆయనను పొగిడే తొందరలో ఆయనవి కానివీ ఆయన ఖాతాలో వేస్తున్నారు. నిజంగా ఆయనవైన వాటిని మాత్రం ఒక్క ముక్కలో దాటేస్తున్నారు.

ఏటీపీ సంగతే చూడండి. కణానికి శక్తినిచ్చే ఆ పదార్థాన్ని కనిపెట్టింది మన తెలుగువాడే అని సభల్లో చెబుతారు. 1929 ఆగస్టులో జర్మనీలో కార్ల్ లోమాన్ దాన్ని ప్రకటించాడు. హార్వర్డ్‌లో కలిసి పనిచేసిన ఫిస్క్, సుబ్బారావుల పత్రం అక్టోబర్‌లో వచ్చింది. జర్మనీలో, హార్వర్డ్‌లో ఎవరి దారిన వాళ్లు చేరుకున్నారు, అచ్చులో లోమాన్ ముందు. ఇది చెబితే సుబ్బారావు గారికి తగ్గేదేమీ లేదు. నెత్తురులో ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925 నుంచి ఆయన పేరుతోనే ఉంది. 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను చూపిందీ ఈ ఇద్దరే. హార్వర్డ్‌లో ఆయనకు అన్యాయం జరిగిందన్న మాట కూడా గాలి మాట కాదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్క్ అసూయతో వెలుగు చూడనివ్వలేదనీ, ఏళ్ల తర్వాత ఇతరులు వాటిని మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందనీ చెప్పింది 1988 నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్. హిచింగ్స్ కూడా ఫిస్క్ ల్యాబ్‌లోనే చదువుకున్నవాడు.

ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ సంగతి వేరు. 1948లో ప్రకటించిన ఆ మందును మిస్సోరి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసింది బెంజమిన్ డగ్గర్, డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త. సుబ్బారావు గారు లెడర్లీ కంపెనీలో ఆ పరిశోధనలన్నిటికీ డైరెక్టరు. పని సాగేలా చూసినవాడికి ఒక గౌరవం, కనిపెట్టినవాడికి ఇంకొక గౌరవం. రెండూ కలిపేస్తే డగ్గర్‌కు అన్యాయం.

ఇక నా సంచిలోని గోలి. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు పోయిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. అప్పటికి వాడుతున్నవి ఆర్సెనిక్, ఆంటిమొనీ మందులు, ఒంటికి విషంతో సమానం. సుబ్బారావు గారు 1940లో హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీలో చేరారు. ఆయన చేతికింది ల్యాబ్‌లో ఎలుకల మీద, కుక్కల మీద ఒక్కో రసాయనాన్నీ పరీక్షించి చూశారు. అలా దొరికిన మందు గురించి 1947లో వచ్చిన పత్రంలో ఆరు పేర్లున్నాయి: హెవిట్, కుష్నర్, స్టీవార్ట్, వైట్, వాలెస్, చివర సుబ్బారావు. అమ్మకంలో దాని పేరు హెట్రజాన్. మన ఆస్పత్రుల్లో డీఈసీ.

రెండో గోలి ఉట్నూరుది. పెద్దపల్లికి రాకముందు ఆదిలాబాద్ ఏజెన్సీలో పనిచేశాను. గోండు గూడేలకు మలేరియా మందుతో పాటు గర్భిణుల కోసం ఎర్ర గోలీలు మోసుకుపోయేవాణ్ని. వాటిలో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. దీని వెనుక కూడా ఒక్క పేరు లేదు. గర్భిణుల్లో ఒక రకం రక్తహీనతను ఈస్ట్ సారం తగ్గిస్తుందని బొంబాయిలో పనిచేసిన లూసీ విల్స్ 1931లో చూపింది. ఆ సారంలో పనిచేసే పదార్థాన్నే 1941లో టెక్సాస్‌లో నాలుగు టన్నుల పాలకూర నుంచి చిటికెడు తీసి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. 1945లో ల్యాబ్‌లో తయారుచేసి చూపింది లెడర్లీ బృందం, సుబ్బారావు గారి ఆధ్వర్యంలో. స్ప్రూ అనే పేగు జబ్బుతో ఆయన అన్నదమ్ములిద్దరు రోజుల తేడాలో పోయారు. ఆ జబ్బుకు ఫోలిక్ యాసిడే మందు అయింది. అది తయారైన మూడేళ్లకు, 1948 ఆగస్టులో, ఆయన పెర్ల్ రివర్‌లోనే కన్నుమూశారు. వయసు 53. 1922లో పడవెక్కి పోయినవాడు మళ్లీ ఇంటి ముఖం చూడలేదు. ఇక్కడ భార్య శేషగిరి గారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. డీఈసీ వచ్చినా, మన దేశంలో ఫైలేరియా నివారణ కార్యక్రమం 1955లో గానీ మొదలు కాలేదు.

ఇప్పుడు రాత్రిళ్లు తిరిగే ఓపిక లేదు. గోలీలు పంచే రోజు మాత్రం మా వాడకట్టులో ఆశా వర్కర్ వెంట పోతాను. పెద్దవాళ్లకు డీఈసీ మూడు, నులిపురుగుల గోలి ఒకటి, ఏమన్నా తిన్నాకనే, మా కళ్లముందే మింగాలి. మొన్న ఒక పిల్లవాడు అడిగాడు: "తాతా, ఈ మందు మనోళ్లే కనిపెట్టిన్రట గద?"

"భీమవరంల పుట్టిన సుబ్బారావు సారు నడిపిన ల్యాబ్‌ల ఆరుగురు కలిసి చేసిన్రు బిడ్డా" అని చెప్పి, నీళ్ల గ్లాసు చేతికిచ్చాను.