విద్యార్థుల ప్రశ్నలును పెద్దల ధర్మమును



మన పిల్లలకు సాయంకాలములందు పాఠ్యవిషయములలోని సందేహములను దీర్చు ప్రయత్నము మన సంఘమువారు తలపెట్టదగినది. పౌరశాస్త్రము, మనుష్య ప్రవర్తనమును విచారించు మనశ్శాస్త్రము, శరీరధర్మశాస్త్రము అను మూటియందును వారికి ప్రశ్నలు మెండు. సమాధానములను వ్రాసి యిచ్చినం జాలునని కొందఱు తలంతురు. అది చాలదని పూర్వచరిత్రమువలన నిరూపించుట యీ వ్యాసోద్దేశము.

ప్రశ్నోపనిషత్తునందు ఆర్గురు జిజ్ఞాసువులు సమిత్పాణులై పిప్పలాద మహర్షికడ కేగిరి. ఆయన వెంటనే యుత్తరము చెప్పక, యొక సంవత్సరము శ్రద్ధతో నుండి పిదప నడుగుడనియు, తనకు దెలిసినచో జెప్పుదుననియు పలికెను. ప్రాణము దేహమున నెట్లు విభక్తమై నిలుచునని కౌసల్యు డడిగెను. నిద్రించున దేది, స్వప్నమును గాంచున దేది యని గార్గ్యు డడిగెను. మొదటిది నేటి శరీరశాస్త్రమునకును, రెండవది మనశ్శాస్త్రమునకును జేరువయైనవి. సుకేశుడు, కోసల రాజకుమారుడగు హిరణ్యనాభుడు తన్నడిగిన ప్రశ్నకు దాను "ఎఱుగ"నని చెప్పి పంపితినని దాచక నివేదించెను.

పౌరశాస్త్రమునకును మూలము ప్రశ్నయే. చేతులు, మెడ, రక్తమాంసములు, సుఖదుఃఖములు అందఱివలెనే గల యొక్క మనుష్యుడు తక్కినవారి నందఱి నేల పాలించునని శాంతిపర్వమున ధర్మరాజు భీష్ము నడిగెను. పితామహు డొక్కమాటతో దాటవేయక, రాజే లేని పూర్వకాలము మొదలుకొని రాజ్యము పుట్టిన క్రమమంతయు వివరించెను.

ఇక పాశ్చాత్య దేశములను జూతము. రక్తము కాలేయమున బుట్టి యవయవములందు వ్యయమగునని గేలెను చెప్పిన మతమును వైద్యులు సుమారు 1400 సంవత్సరములు వల్లించిరి. ఆంగ్లవైద్యుడు విలియం హార్వే, హృదయ మొక్కొక్క స్పందమున నెంత రక్తమును వెడలగొట్టునని ప్రశ్నించి లెక్క వేసెను. అరగంటలో వెడలునది దేహమునందలి రక్తమునకంటె నెక్కువయయ్యెను. భుజమునకు కట్టు గట్టి, సిరలయందలి కవాటములు రక్తమును హృదయమువైపునకే పోనిచ్చునని చూపెను. ఈ విషయములను 1628లో బ్రకటించెను. ధమనులనుండి సిరలకు బోవు మార్గమును మాత్ర మాత డెఱుగడు. దానిని 1661లో మాల్పీగీ సూక్ష్మదర్శినితో కప్ప యూపిరితిత్తులందు గనుగొనెను.

ఇచ్చట నా తప్పొకటి విన్నవింపవలసియున్నది. నేను బడిపంతులనైన క్రొత్తలో నొక బాలుడు "పాదములలోని నెత్తురు పైకెట్లెక్కునండీ?" అని యడిగెను. నాకు దెలియదు. తెలియదనుటకు సిగ్గుపడి, పాఠములో లేనిది యడుగవలదని గద్దించి కూర్చుండబెట్టితిని. ఆ బాలుడు మరల నా తరగతిలో నోరు విప్పలేదు. కాలి కండరముల యొత్తిడియు, హార్వే చూపిన కవాటములును నెత్తురును బైకి జేర్చునని నేను పిదప జదివికొంటిని. కాని యప్పటికి వాడు బడి విడిచిపోయెను.

ఆ మౌనమునకు గారణమును మనశ్శాస్త్రము నాకు దెలిపినది. థార్న్‌డైకు 1898లో పిల్లులను పెట్టెలలో నుంచి పరీక్షించెను. ఏ చేష్టవలన తలుపు తెఱువబడి యాహారము లభించెనో, ఆ చేష్టనే యవి నానాట త్వరగా జేయసాగెను. సంతుష్టి గలిగించు చేష్ట బలపడునని యాయన 1911లో సూత్రించెను. నా తరగతిలో ప్రశ్నకు ఫల మవమానము, మౌనమునకు ఫలము నెమ్మది. కాగా బలపడినది మౌనమే.

వల్లించిన యుత్తరము పాతబడుటయు గలదు. రాజ్యాంగము 1950లో నమలునకు వచ్చినప్పుడు ఓటుహక్కునకు వయస్సు 21 సంవత్సరములు. 61వ సవరణచే 1989లో 18 అయినది. 1978నాటి 44వ సవరణచే ఆస్తిహక్కు ప్రాథమిక హక్కులలోనుండి తొలగింపబడెను. పాత యుత్తరమును గంఠస్థము చేసినవాడు తప్పిపోవును. రాజ్యాంగప్రతిని విప్పి చూచుట నేర్చినవాడు తప్పడు.

కావున సాయంకాలమున పిల్లలకడ గూర్చుండు పెద్దలకు నా మనవి: ప్రశ్నను తుదివఱకు వినుడు. పౌరశాస్త్రమైనచో రాజ్యాంగమును విప్పించుడు. శరీరశాస్త్రమైనచో వాని మణికట్టుననే నాడిని లెక్కింపించుడు. మనశ్శాస్త్రమైనచో వాని యలవాటునే వానిచే బరిశీలింపజేయుడు. తెలియనిచో "తెలియదు, కలిసి వెదకుదము" అనుడు. ఆ యొక్క మాట నాడు నేననియున్నచో నొక బాలుని చదువు నిలిచెడిదేమో! మన బిడ్డలు నిర్భయముగా నడుగుదురు గాక!