అడవిలోని నేలమాళిగ ఎవరిది?

ఇంగ్లండు దక్షిణ, తూర్పు తీరములకు చేరువగా ఉన్న చిన్న అడవులలో తిరుగువారికి అప్పుడప్పుడు ఒక వింత గుంట కనిపించును. ఎండుటాకులు తొలగించి చూచినచో ఇటుక గోడ అంచు, తుప్పుపట్టిన ముడతల రేకు, నేలలోనికి దిగు బావివంటి ఇరుకు దారి బయటపడును. అడుగున ఒక గది యుండును. దానికి కిటికీలు లేవు. గోడపై ఏ పేరును లేదు. ఆనాటి పటములలో దాని గుర్తును కనబడదు. రేకును, ఇటుకలను చూచి ఇది రెండవ ప్రపంచ యుద్ధకాలము నాటిదని ఊహింపవచ్చును. కాని దీనిని ఎవరు త్రవ్విరి? దేనికొరకు త్రవ్విరి?

చరిత్ర పరిశోధన యనగా పాత కాగితములు చదువుట మాత్రమే కాదు. కాగితము దొరకనిచోట వస్తువునే సాక్షిగా నిలిపి ప్రశ్నింపవలెను. భౌతికశాస్త్రవేత్త ప్రయోగశాలలో చేయునట్లే, ఇక్కడను సాధ్యమైన సమాధానములన్నిటిని వరుసగా ఉంచి, సరిపడనివానిని ఒక్కొక్కటిగా తీసివేయుదురు.

ఏది కాదో తేల్చుట

18, 19 శతాబ్దులలో ఇంగ్లండులోని ధనికులు మంచుగడ్డలు నిలువ చేయుటకు తమ తోటలలో నేలగదులు కట్టించిరి. అవి తరచు గ్రుడ్డు ఆకారముగల ఇటుక కట్టడములు. కరిగిన నీరు పోవుటకు వాని అడుగున తూము ఉండును. రేకు కప్పుగల పొడవైన గది ఆ జాతికి చెందదు.

విమానదాడులనుండి తలదాచుకొను ఆశ్రయమా? ఆండర్సన్ ఆశ్రయములనబడు చిన్న రేకు గదులను ప్రజలు తమ పెరటిలో అమర్చుకొనిరి. సైరను మ్రోగిన కొద్ది నిమిషములలో చేరవలసిన చోటును ఊరికి దూరముగా అడవిలో ఎవరును కట్టుకొనరు. మందుగుండు నిలువచేయు కొట్టు కావచ్చుననుకొన్నచో, దానిలో మనుష్యులు పడుకొను బల్లలతో పనిలేదు. అణుయుద్ధ భయముతో 1950ల నుండి రాయల్ అబ్జర్వర్ కోర్ కొరకు నిర్మించిన 1,500కు పైగా భూగర్భ కేంద్రములు కాంక్రీటువి. అవి ఒకే నమూనాలో కట్టినవి, ఒకే ద్వారము గలవి.

నిర్మాణము చెప్పు సాక్ష్యము

ఇక మిగిలిన ఆనవాళ్లను చూడవలెను. గది కప్పు విల్లువలె వంచిన దళసరి ముడతల రేకు. రెండు చివరల ఇటుక గోడలు. ఇది సైన్యపు ఇంజనీర్లు వాడు పద్ధతి. దిగు దారికి పైన మూత యుండెడిది. అది మన్నును ఆకులను నింపిన పళ్లెమువంటిది. కొన్నిచోట్ల ప్రతిభారము సాయముతో అది సులభముగా పైకి లేచెడిది. మూసినపుడు దానిమీద నడచినవానికి కూడ తెలియకపోవును. దారి అడుగున, గదికి ముందు ఒక అడ్డుగోడ గలదు. పైనుండి ఎవరైన చేతిబాంబు విసరినచో దాని దెబ్బను ఈ గోడ ఆపును. గదికి రెండవ చివర కాంక్రీటు గొట్టములను వరుసగా చేర్చిన సొరంగము. అందులో ప్రాకిపోయి కొంతదూరమున బయటపడవచ్చును.

గాలి ఏర్పాటు మరింత గమనింపదగినది. మెరుపు పూత పూసిన మట్టిగొట్టములు కొన్ని నేలకు దగ్గరగాను, కొన్ని కప్పుకు దగ్గరగాను అమర్చబడియుండును. మనుష్యుల ఊపిరి, దీపము, పొయ్యి వలన వేడెక్కిన గాలి తేలికయై పై గొట్టముగుండా పోవును. దాని స్థానమున చల్లగాలి క్రింది గొట్టముగుండా వచ్చును. గొట్టముల కొనలను చెట్టుమొద్దులలో దాచిరి. అయినను ఊపిరిలోని ఆవిరి చల్లని రేకుమీద నీటిబొట్లుగా మారి కారెడిది. కావున ఆ గదులు ఎప్పుడును చెమ్మగా నుండెడివి.

ఈ సాక్ష్యమును కలిపి చూచినచో ఒక విషయము స్పష్టమగును. కొద్దిమంది మనుష్యులు దినముల తరబడి దాగుటకు ఇది ఏర్పడినది. కట్టినవారు సైనికులు. కాని సొంత దేశములో, సొంత అడవిలో, సైన్యము ఎవరినుండి దాగవలెను? శత్రువు ఆ నేలను ఆక్రమించిన పిమ్మట గాని అట్టి గదికి పని యుండదు. అనగా దీనిని కట్టించినవారు తమ దేశము పరులపాలగు దినమును మనస్సులో ఉంచుకొని కట్టించిరి.

1940 వేసవి

1940 జూనులో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయెను. ఇంగ్లీషు కాలువ అవతల జర్మను సేనలు నిలిచెను. ఆ వేసవిలో కాలిన్ గబ్బిన్స్ అను సేనాధికారి ఆగ్జిలియరీ యూనిట్లు, అనగా సహాయక దళములు, అను సంస్థను నెలకొల్పెను. పేరు కావలెననియే సాదాగా పెట్టబడినది. కెంటు ప్రాంతమున ఈ పనిని పీటర్ ఫ్లెమింగ్ ఆరంభించెను. ఒక్కొక్క దళమున నలుగురు మొదలు ఎనమండుగురు ఉండిరి. వీరిలో రైతులు, అడవి కావలివారు మొదలైనవారు పలువురు. చీకటిలో కూడ ఆ నేల ఎరిగినవారు వారే కదా! శిక్షణ కోల్స్‌హిల్ అను పాత భవనమున జరిగెను. వచ్చువారు ముందు హైవర్త్ తపాలా కార్యాలయమునకు పోయి తెలుపవలెను.

శత్రువు దిగిన దినమున వీరు ఇల్లు విడిచి నేలమాళిగ చేరవలెను. సేనలు తమ తలమీదుగా దాటిపోయిన పిమ్మట, రాత్రివేళ వెలుపలికి వచ్చి ఇంధనమును, మందుగుండును, రైలుమార్గములను ధ్వంసము చేయవలెను. లోపల సుమారు రెండు వారములకు సరిపడు ఆహారము ఉంచిరి. అంతకు మించి వారు బ్రతుకుదురని ఎవరును ఆశింపలేదు.

ఇదే సంస్థలోని వేరొక శాఖ వారు నిస్తంత్రీ యంత్రములతో సమాచారము పంపుటకు సిద్ధమైరి. వారు ఏరియల్ తీగను చెట్టు బెరడులో పొదిగి దాచిరి. కావున నేలమాళిగ ప్రక్కనున్న చెట్టుపై తీగ జాడ ఉన్నదా లేదా అన్నది కూడ పరిశోధకుడు చూడవలసిన విషయమే.

మౌనము

దాడి రాలేదు. 1944 నవంబరులో దళములను రద్దుచేసిరి. ప్రభుత్వ రహస్యముల చట్టము క్రింద సంతకము చేసినందున ఈ మనుష్యులు భార్యలకును నిజము చెప్పలేదు. యుద్ధభూమికి పోక ఊరిలో ఉండిపోయిన వారిని చూచి ఇరుగుపొరుగు ఏమనుకొన్నను బదులు చెప్పుటకు వీలులేకపోయెను. 1968లో డేవిడ్ లాంప్ వ్రాసిన గ్రంథము ఈ సంగతిని విస్తారముగా వెల్లడించెను. అయినను పెక్కుమంది నోరు విప్పకయే మరణించిరి. లండనులో ఏటేట జరుగు స్మారక దినపు కవాతులో జీవించియున్న కొందరు 2013లో తొలిసారిగా తమ దళముల పేరిట నడచిరి.

నేడు విమానమునుండి లేసరు కిరణములు పంపి, చెట్లక్రింది నేల ఎత్తుపల్లములను పటముగా గీయుదురు. అందు కనిపించిన గుంటలను, లండను జాతీయ అభిలేఖాగారమున దొరకు దళసభ్యుల జాబితాలతో పోల్చుదురు. చెట్ల వేళ్లు గోడలను చీల్చుచున్నవి, రేకులు తుప్పుతో కూలుచున్నవి. కావున కొలతలు తీయుట ఆలస్యము చేయరాదు. అట్టి గుంట కనిపించినవారు మాత్రము లోనికి దిగరాదు. కప్పు కూలవచ్చును, చెడుగాలి నిలిచియుండవచ్చును, పాత మందుగుండు కూడ మిగిలియుండవచ్చును. చోటు గుర్తించి అధికారులకు తెలుపుట మేలు. గుంట కొలత, ఊరి పటము, జాబితాలోని ఒక పేరు ఈ మూడును కలిసినపుడు, ఒక రైతు తన ఇంటివారికిని చెప్పక దాచిన నాలుగేండ్ల జీవితము అతని మనుమలకు తెలియవచ్చుచున్నది.