నల్లచేవ కథ

బీడీకి ఆకు నిచ్చు తునికిచెట్టు నెరుగని తెలుగువారు అరుదు. ముదురు తునికిమ్రానును కోసినచో నడుమ నల్లని చేవ కనబడును. ఈ చెట్టునకు దూరదేశములందు పేరుమోసిన దాయాదులు గలవు. వానిలో నొకటి హిందూమహాసముద్రమందలి మారిషస్ దీవి ఎబొనీ. దాని చరిత్ర మనము తెలిసికొనదగినది.

ఎబొనీ పైచెక్క పాలిపోయి యుండును. వడ్రంగికి కావలసినది లోపలి చేవయే. అది కాటుకవలె నల్లనిది, నీట వేసిన మునుగునంతటి బరువైనది. నునుపు చేసిన అద్దమువలె మెరయును. అయితే ఉలి త్వరగా మొద్దుబారును. ముందుగా బెజ్జము వేయక మేకు కొట్టిన చీలును. ఐరోపా వడ్రంగులు దానిని పలుచని రేకులుగా కోసి, సామాన్యపు కఱ్ఱతో చేసిన బీరువాలపై అతికించిరి. ఫ్రెంచి భాషలో మేటి వడ్రంగికి 'ఎబెనిస్త్' అను పేరు ఈ పనివలననే వచ్చినది. వయొలినుపై వ్రేళ్లు కదలాడు పలకకును, పియానో నల్లమెట్లకును ఈ చేవనే వాడిరి.

డచ్చివారు 1638లో మారిషస్‌నందు వలస నెలకొల్పుటకు ఎబొనీ యొక ముఖ్యకారణము. వారు చెట్లను నరికి ఓడల కెక్కించిరి. 1710లో దీవిని విడిచి వెడలిపోయిరి. పిదప వచ్చిన ఫ్రెంచివారును, ఆంగ్లేయులును చెఱకు వేయుటకై మిగిలిన అడవులను కొట్టించిరి. 1834 మొదలు ఆ తోటల పనికి భారతదేశమునుండి కూలీలను కొనిపోయిరి. వారిలో మన తీరప్రాంతపు తెలుగువారును గలరు.

నరికిన అడవి మరల పెరుగదా యని శ్రోతలు అడుగవచ్చును. ఎబొనీ మిక్కిలి మెల్లగా పెరుగు చెట్టు. అంతేకాదు, దాని పండ్లను తిని గింజలను దూరముగా విడుచు పెద్దతాబేళ్లను కూడ మానవుడు తిని రూపుమాపెను. చెట్టుతోబాటు విత్తువాడును పోయెను.

మారిషస్ ఆగ్నేయతీరమున ఎగ్రెత్ అను 26 హెక్టార్ల చిన్న దీవి గలదు. అచ్చట కొంత ఎబొనీ అడవి మిగిలెను. 1965లో దానిని రక్షితప్రదేశముగా ప్రకటించిరి. 2000లో అల్దాబ్రా దీవి జాతి తాబేళ్లను అచ్చట విడిచిరి. అవి పండ్లు తిని తిరుగాడగా, తల్లిచెట్లకు దూరమున మొలకలు లేచినవి. తాబేటి కడుపునుండి వెలువడిన గింజలు మేలుగా మొలకెత్తునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

ఆ మొలకలు ముదిరి నల్లచేవ పట్టుటకు తరములు గడువవలెను. దానిని చూచువారు మనలో నుండరు. ఒక గొడ్డలివేటు పనిని సరిదిద్దుటకు ఎంతకాలము పట్టునో ఎబొనీ మనకు తెలుపుచున్నది.